బిల్లు ఎక్కడుందో చెప్పండి

తెలంగాణ గవర్నర్ గారి కార్యదర్శి గారికి,



ఈ ఉత్తరం గవర్నర్ గారికి కాకుండా మీకెందుకు రాస్తున్నానో ముందు చెప్పాలి. 2023 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పెండింగు బిల్లుల మీద సుప్రీంకోర్టుకు ఎక్కింది. ఆ పిటిషన్‌లో మొదటి ప్రతివాదిగా రాసింది గవర్నర్ పేరు కాదు, గవర్నర్ కార్యదర్శి హోదా. అదే ఏడాది పంజాబ్ ప్రభుత్వం వేసిన కేసులోనూ అంతే. రాజ్యాంగం 361వ అధికరణం ప్రకారం గవర్నర్ తన అధికార విధుల విషయంలో ఏ కోర్టుకూ జవాబుదారు కారు. అందుకని గవర్నర్ కార్యాలయం నుంచి జవాబు కావలసినప్పుడు పిలుపు మీ కుర్చీకే వస్తుంది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానం ఎవరిని పిలిచి అడుగుతుందో, ఓటరు కూడా వారినే అడగవచ్చని నా నమ్మకం. ఆ కుర్చీలో ఇవాళ ఎవరు కూర్చున్నారన్నది నాకు ముఖ్యం కాదు. అధికారులు మారతారు, గవర్నర్లు మారతారు. శాసనసభ నుంచి వచ్చిన కాగితం మీ బల్ల మీద నుంచే లోపలికి పోతుంది, మీ బల్ల మీద నుంచే బయటికి వస్తుంది. మధ్యలో ఏమవుతుందో మాకు తెలియదు. నా బాధంతా అదే.

హనుమకొండలోని మా సుబేదారి నిజాం కాలంలో వరంగల్ సుబాను ఏలిన సుబేదారు ఉన్న చోటు. ఆయన్ను ఇక్కడి జనం ఎన్నుకోలేదు, హైదరాబాద్ నుంచి పంపారు. ఆయన బంగళా తర్వాత కలెక్టర్ల క్యాంపు కార్యాలయమైంది. అదే సుబేదారిలో కాకతీయ విశ్వవిద్యాలయం వారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. వరంగల్ జిల్లాల్లో చదువుకున్న ఇంటింటికీ ఆ కాలేజీతో ఏదో ఒక సంబంధం ఉంటుంది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం పుట్టాక చేరిన తరం అధ్యాపకులు ఒక్కొక్కరే రిటైరయ్యారు. వాళ్ళ కుర్చీలు చాలావరకు అలాగే మిగిలాయి. పాఠాలు చెప్పే భారం కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకుల మీద పడింది. పీహెచ్‌డీ పూర్తి చేసి, నెట్ పాసై, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ నలభైలోకి వచ్చినవాళ్ళు మా కాలనీల్లో ఉన్నారు. వాళ్ళకు మీ కార్యాలయం ఎక్కడో సోమాజిగూడలోని దూరపు భవనం కాదు. అది వాళ్ళ బతుకును నేరుగా తాకిన చోటు.

2022 సెప్టెంబరులో శాసనసభ విశ్వవిద్యాలయాల ఉమ్మడి నియామక బోర్డు బిల్లును ఆమోదించింది. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం విడిగా కాకుండా, అధ్యాపక నియామకాలన్నీ ఒకే బోర్డు ద్వారా జరపాలన్నది దాని సారం. అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ గారికి సందేహాలు వచ్చాయి. యూజీసీ నిబంధనలకు ఇది సరిపోతుందా, రేపు కోర్టులో నిలబడుతుందా అని అడిగారు. నవంబరులో అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు అధికారులను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు వెళ్ళి వివరణ ఇచ్చారు. ఆ వివరణ తర్వాత ఏం జరిగిందో మాకు ఎవరూ చెప్పలేదు. చలికాలం గడిచింది, బడ్జెట్ సమావేశాలు గడిచాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ముందు పెట్టిన కాగితంలో ఒక వాక్యంగా ఆ సమాచారం బయటపడింది. బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపామన్నారు.

గవర్నర్ గారి సందేహాలు తప్పని నేను అనను. ఉన్నత విద్యా ప్రమాణాలు కేంద్రం పరిధిలోని విషయం, యూజీసీ నిబంధనలను కాదని రాష్ట్ర చట్టం నిలవదు. నియామకాలు జరిగాక కోర్టు కొట్టేస్తే నష్టపోయేది మళ్ళీ మా పిల్లలే. ప్రశ్న సరైనదే, అడిగిన సమయమే సరైనది కాదు. సభలో ప్రవేశపెట్టకముందే మీ కార్యాలయం, న్యాయశాఖ, విద్యాశాఖ అధికారులు ఒక గదిలో కూర్చుని ఉంటే ఆ ప్రశ్నకు జవాబు బిల్లులోనే ఉండేది. ఆ పని మంత్రులూ గవర్నరూ చేసేది కాదు. సిబ్బంది చేసే పని.

ఆ సుప్రీంకోర్టు కేసును ఇంకొంచెం గుర్తుచేసుకుందాం. 2022 సెప్టెంబరు నుంచి ఏడు, 2023 ఫిబ్రవరి నుంచి మూడు, మొత్తం పది బిల్లులు గవర్నర్ దగ్గర ఆగాయని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. మోటారు వాహనాల పన్ను సవరణ దగ్గర్నుంచి అటవీ విశ్వవిద్యాలయం బిల్లు వరకు రకరకాల బిల్లులు అందులో ఉన్నాయి. ఏప్రిల్ 10న గవర్నర్ తరఫున వచ్చిన జవాబులో మూడింటికి ఆమోదం ఇచ్చామన్నారు, రెండింటిని రాష్ట్రపతికి పంపామన్నారు, కొన్నింటి మీద ప్రభుత్వాన్ని వివరణ అడిగామన్నారు. ఆజమాబాద్ పారిశ్రామికవాడ లీజుల సవరణ బిల్లు దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. అది న్యాయశాఖ నుంచి తమకు చేరనేలేదన్నారు.

ఒక్కసారి ఆలోచించండి. ప్రజలు ఎన్నుకున్న సభ ఒక బిల్లును ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర ఆగిందని ప్రభుత్వం కోర్టులో అంటోంది. మా దగ్గరికి రానేలేదని గవర్నర్ పక్షం అంటోంది. శాసనసభ సచివాలయం నుంచి న్యాయశాఖకు, న్యాయశాఖ నుంచి మీ కార్యాలయానికి, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఒక బిల్లు ఎక్కడుందో తేలడానికి ఢిల్లీలో సుప్రీంకోర్టు కావలసి వచ్చింది. ఈ విషయంలో ఎవరిది తప్పు అన్న వాదన నాకు అక్కర్లేదు. రెండు పక్షాల మాటా నిజం కావచ్చు. ఎవరైనా తెరిచి చూసుకోగల రిజిస్టరు ఒకటి ఉంటే ఆ వాదనే పుట్టేది కాదు.

అదే మీసేవ కేంద్రానికి వెళ్ళి కుల ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు చేస్తే ఒక నంబరు చేతికిస్తారు. ఆ నంబరుతో కాగితం ఏ దశలో ఉందో ఫోన్‌లో చూసుకోవచ్చు. ఆ కులానికి రిజర్వేషన్ ఇచ్చే బిల్లు ఎక్కడుందో చూసుకోవడానికి మాత్రం మాకు ఏ నంబరూ లేదు.

2023 ఏప్రిల్ 24న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, మన తెలుగు న్యాయమూర్తి పి.ఎస్. నరసింహ గార్ల ధర్మాసనం ఆ కేసును ముగిస్తూ ఒక మాట చెప్పింది. 200వ అధికరణంలో బిల్లును వీలైనంత త్వరగా తిప్పి పంపాలన్న మాటకు రాజ్యాంగపరంగా బరువుందనీ, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు దాన్ని మనసులో పెట్టుకోవాలనీ దాని సారం. ఆ మాట గవర్నర్లకు చెప్పిందే. కానీ ఫైలు ఎప్పుడు గవర్నర్ ముందు పెట్టాలో, ఏ నోట్‌తో పెట్టాలో, వివరణ కోరిన ఉత్తరానికి జవాబు రాకపోతే ఎన్ని రోజులకు గుర్తుచేయాలో చూసేది మీరు. ఆ బరువులో సగం మీ మీద ఉంది.

ఆ రెండేళ్ళు మేం చూసింది ఏమిటి? 2022 మార్చిలో గవర్నర్ ప్రసంగం లేకుండానే బడ్జెట్ సమావేశాలు మొదలయ్యాయి. అంతకు కొద్దిరోజుల ముందు ఫిబ్రవరిలో గవర్నర్ మేడారం జాతరకు వచ్చినప్పుడు ప్రొటోకాల్ పాటించలేదని ఆమె బహిరంగంగానే బాధపడ్డారు. సమ్మక్క సారలమ్మల గద్దెల దగ్గర కోటి మంది మొక్కులు తీర్చుకునే చోట అలాంటి మాట రావడం మా ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్ళకు మనసుకు కష్టమనిపించింది. 2023 మార్చిలో అప్పటి ప్రధాన కార్యదర్శి శాంతికుమారి గారిని ఉద్దేశించి, ఢిల్లీ కంటే రాజ్‌భవన్ దగ్గరని గవర్నర్ ట్విటర్‌లో రాశారు. రాష్ట్రంలో అందరికంటే పెద్ద అధికారి, రాష్ట్రానికి రాజ్యాంగ అధినేత, ఇద్దరూ ఒకే నగరంలో ఉన్నారు. వాళ్ళ మధ్య మాట నడిచింది ట్విటర్‌లో. ఆ స్థితి రాకుండా చూడాల్సిన వ్యవస్థ రెండు వైపులా మూగబోయింది.

ఆ మూగతనం ఎంత త్వరగా వీడగలదో కూడా ఆ రోజుల్లోనే చూశాం. బడ్జెట్‌కు గవర్నర్ అనుమతి రాలేదని 2023 జనవరి 30న ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళింది. న్యాయమూర్తులు ఇరుపక్షాల న్యాయవాదులనూ కూర్చుని మాట్లాడుకోమన్నారు. ఒక పూటలో విషయం తేలిపోయింది. సాయంత్రానికి శాసనసభ వ్యవహారాల మంత్రి వేముల ప్రశాంత్‌రెడ్డి గారు అధికారులతో రాజ్‌భవన్‌లో ఉన్నారు. ఫిబ్రవరి 3న గవర్నర్ ఉభయసభల నుద్దేశించి ప్రసంగించారు. నెలల తరబడి జరగని మాట ఒక పూటలో జరిగింది. అంటే అది రాజ్యాంగ సంక్షోభం కాదు. ఫోన్ ఎత్తే మనిషి లేకపోవడం.

ఆర్టీసీ బిల్లు కథ ఇంకా దగ్గరగా గుర్తుంది. హనుమకొండ బస్టాండ్‌లో ఆ ఆగస్టు వారం వేరే మాటే వినిపించలేదు. 2023 జూలై 31న మంత్రివర్గం 43,373 మంది ఆర్టీసీ ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేయాలని నిర్ణయించింది. అది ఆర్థిక బిల్లు కాబట్టి సభలో పెట్టడానికి ముందే గవర్నర్ సిఫార్సు కావాలి. గవర్నర్ వివరణలు అడిగారు. ఆగస్టు 5న పొద్దున బస్సులు ఆగాయి, కార్మికులు రాజ్‌భవన్ వైపు నడిచారు. పుదుచ్చేరిలో ఉన్న గవర్నర్ యూనియన్ నాయకులతో వీడియోలో మాట్లాడారు. ఆమె అడిగినవి చిన్న ప్రశ్నలు కావు. ఆర్టీసీలో కేంద్రం వాటా ఏమవుతుంది, ఉద్యోగుల పింఛను సంగతేమిటి అన్నవి డ్రైవర్లూ కండక్టర్లూ తమ కోసం తామే అడగాల్సిన ప్రశ్నలు. ఆగస్టు 6, ఆదివారం, సమావేశాల చివరి రోజు, అధికారులు వెళ్ళి వివరించాక అనుమతి వచ్చింది, అదే రోజు సభ బిల్లును ఆమోదించింది. ఆ తర్వాత తుది ఆమోదానికి మళ్ళీ సెప్టెంబరు 14 దాకా ఆగాల్సి వచ్చింది. జూలై 31కి ముందే, మంత్రివర్గ నోట్ తయారవుతున్నప్పుడే, ఆర్థికశాఖ నుంచి ఒక అధికారి, మీ కార్యాలయం నుంచి ఒక అధికారి ఆ ప్రశ్నలను ఎదురెదురుగా పెట్టుకుని ఉంటే కార్మికుడు రోడ్డు మీదికి వచ్చే పని ఉండేది కాదు.

ఇది గవర్నర్‌కు సభ కంటే ముందే వీటో ఇమ్మని అడగడం కాదు. ఆ అపార్థానికి చోటు ఇవ్వను. 1984 ఆగస్టులో అప్పటి గవర్నర్ రామ్‌లాల్ గారు ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వాన్ని దించినప్పుడు తెలుగు జనం ఎలా కదిలారో నా తరానికి తెలుసు. నెల తిరక్కముందే గవర్నర్ మారారు, నెలకల్లా రామారావు గారు తిరిగి వచ్చారు. గవర్నర్ పదవి ప్రభుత్వాన్ని నడిపే పదవి కాదని ఆ నెలరోజులు తెలుగునాట రుజువు చేశాయి. నేను అడుగుతున్నది ముందుగా ప్రశ్నలు అడగమని మాత్రమే. నిర్ణయం సభదే.

అమెరికాలో ఈ పని ఎలా సాగుతుందో చూడండి. అక్కడ అధ్యక్షుడికీ చట్టసభకూ పడని రోజులే ఎక్కువ. అయినా 1953లో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాక, చట్టసభతో మాట్లాడటమే పనిగా శ్వేతసౌధంలో ప్రత్యేక సిబ్బంది ఏర్పడ్డారు. కెనెడీ, జాన్సన్‌ల కాలంలో ఆ సిబ్బందికి పెద్దగా ఉన్న ల్యారీ ఓబ్రయన్ ఆ పనిని ఒక విద్యగా మార్చారు. బిల్లు కమిటీలో ఉండగానే చదవడం, ఏ సభ్యుడికి ఏ అభ్యంతరం ఉందో తెలుసుకోవడం, అధ్యక్షుడు ఎక్కడ ఒప్పుకోరో ముందే చెప్పడం వాళ్ళ రోజువారీ పని. వాళ్ళు బుద్ధిమంతులు కాబట్టి అలా చేస్తున్నారని నేను అనుకోను. అక్కడ గడియారం ఉంది. బిల్లు చేతికందాక ఆదివారాలు తీసేసి 10 రోజుల్లో అధ్యక్షుడు సంతకమన్నా చేయాలి, కారణాలు రాసి తిప్పి అన్నా పంపాలి. సభ నడుస్తుండగా ఏదీ చేయకపోతే అది చట్టమైపోతుంది. గడువు తరుముతుంటే సిబ్బంది ముందే మేలుకుంటారు.

మనకు ఆ గడియారం లేదు. పార్లమెంటు బిల్లులను రాష్ట్రపతి ఆరు వారాల్లోగా తిప్పి పంపాలని ముసాయిదా రాజ్యాంగంలో ఉండేది. రాజ్యాంగ సభలో దాన్ని తీసేసి వీలైనంత త్వరగా అని మార్చారు. పెద్ద మనుషులు ఆ పదవుల్లో ఉంటారు, గడువు పెట్టి అవమానించడం ఎందుకన్న నమ్మకం దాని వెనుక ఉండి ఉంటుందని నేను అనుకుంటాను. 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గవర్నర్లకూ రాష్ట్రపతికీ గడువులు పెట్టింది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు 14 ప్రశ్నలతో కోర్టు సలహా కోరారు. నవంబరు 20న అయిదుగురు న్యాయమూర్తులు గడువులు కోర్టు విధించజాలదన్నారు, ఆమోదం వచ్చినట్లే అనుకోవడం కుదరదన్నారు. కారణం చెప్పకుండా అంతులేకుండా ఆపితే మాత్రం, నిర్ణయం తీసుకోమని పరిమితంగా ఆదేశించవచ్చన్నారు.

ఆ తీర్పు తర్వాత మీ బాధ్యత తగ్గలేదు, పెరిగింది. గడువు లేదు కాబట్టి కారణమే మిగిలింది. కారణం చెప్పని ఆలస్యమే కోర్టు పట్టుకునే తప్పయితే, కారణాన్ని కాగితం మీద పెట్టి జనానికి చూపించడమే గవర్నర్ కార్యాలయానికి రక్ష.

ఢిల్లీకి వెళ్ళిన బిల్లుల సంగతి ఇంకా దారుణం. 2017 ఏప్రిల్ 16న శాసనసభ ప్రత్యేకంగా కూర్చుని ఎస్టీలకు 10 శాతం, వెనుకబడిన ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ల బిల్లును ఆమోదించింది. అది రాష్ట్రపతి ఆమోదానికి కేంద్రానికి వెళ్ళింది, ఆమోదమై తిరిగి రాలేదు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో మహిళలపై నేరాల మీద 2019 డిసెంబరులో ఆమోదించిన దిశ బిల్లుదీ అదే గతి. 2025 మార్చి 17న తెలంగాణ సభ బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు రెండు ఆమోదించింది, ఒకటి చదువులకూ ఉద్యోగాలకూ, ఒకటి స్థానిక సంస్థలకు. కులగణనలో బీసీలు 56.33 శాతమని తేలాక అన్ని పార్టీలూ మద్దతిచ్చిన బిల్లులవి. ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారు జంతర్‌మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. బిల్లుల దారి తేలకపోవడంతో ప్రభుత్వం స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం ఇస్తూ సెప్టెంబరు 26న జీవో 9 ఇచ్చింది. అక్టోబరు 9న హైకోర్టు దాన్ని ఆపింది, వారం తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు పాత 50 శాతం హద్దులోనే జరిగాయి.

42 శాతం రాజ్యాంగబద్ధమా కాదా అన్నది ఈ లేఖలో నేను తేల్చను. నిరాకరణ కూడా ఒక జవాబే. జవాబు వస్తే సభ మళ్ళీ కూర్చోవచ్చు, బిల్లును సవరించవచ్చు, పోరాడేవాళ్ళు ఎవరితో పోరాడాలో తెలుసుకోవచ్చు. జవాబే రాకపోతే హనుమకొండ జిల్లాలో సర్పంచు కావాలనుకున్న బీసీ యువకుడు ఎవరి గడప తొక్కాలి? రాష్ట్రపతికి పంపిన బిల్లు కేంద్ర హోంశాఖ ద్వారా వివిధ మంత్రిత్వ శాఖల అభిప్రాయాల కోసం తిరుగుతుంది. ఆ శాఖలు ప్రశ్నలు అడుగుతాయి, రాష్ట్రం జవాబులు ఇవ్వాలి. ఆ ప్రశ్నలు వచ్చాయా, జవాబులు వెళ్ళాయా, ఏ తేదీన? సర్కారియా కమిషన్ రాష్ట్రపతి దగ్గరికి వచ్చిన బిల్లు నాలుగు నెలల్లో తేలాలని ఎప్పుడో చెప్పింది. 2017 బిల్లు వయసు లెక్కపెట్టుకుంటే కడుపు మండుతుంది.

కాబట్టి నా విన్నపం ఇది. గవర్నర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఒక పట్టిక పెట్టండి. శాసనసభ ఆమోదించిన ప్రతి బిల్లుకూ మీకు చేరిన తేదీ, వివరణ అడిగితే అడిగిన తేదీ, ప్రభుత్వం జవాబిచ్చిన తేదీ, ఆమోదించారా, తిప్పి పంపారా, రాష్ట్రపతికి పంపారా అన్న నిర్ణయం, దాని తేదీ అందులో ఉండాలి. ఢిల్లీకి వెళ్ళినవాటి విషయంలో హోంశాఖతో జరిగిన చివరి ఉత్తరం తేదీ కూడా రాయండి. గవర్నర్ గారి మనసులోని ఆలోచన అడగడం లేదు, రహస్య సలహా అడగడం లేదు. తేదీలు మాత్రమే. తేదీలు బయటపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. మీరు ఒక నోట్ పెడితే గవర్నర్ గారు సంతకం చేస్తే చాలు.

దాంతోపాటు న్యాయశాఖతో, శాసనసభ సచివాలయంతో రోజూ మాట్లాడే ఒక అధికారిని మీ కార్యాలయంలో నియమించండి. సమావేశాలు మొదలయ్యే ముందు రాబోయే బిల్లుల ముసాయిదాలు ఆ అధికారి చేతికి అందాలి, సందేహాలు రాతపూర్వకంగా ముందే వెళ్ళాలి. ఇక్కడ ప్రభుత్వానికీ ఒక మాట. 167వ అధికరణం ప్రకారం శాసన ప్రతిపాదనల గురించి గవర్నర్ అడిగిన సమాచారం ఇవ్వడం ముఖ్యమంత్రి విధి. ప్రభుత్వం ముందే ఇస్తే గవర్నర్ కార్యాలయానికి తర్వాత ఆపడానికి సాకు ఉండదు. ఆమోదం పొందిన బిల్లును న్యాయశాఖ ఎన్ని రోజుల్లో గవర్నర్‌కు పంపిందో కూడా అదే పట్టికలో కనపడనివ్వండి. ఆజమాబాద్ బిల్లు లాంటి అనుమానం ఇంకోసారి రాకూడదు.

వరంగల్ పశ్చిమ నుంచి ఎన్నికైన దాస్యం వినయ్‌భాస్కర్ గారు గత సభలో ప్రభుత్వ చీఫ్ విప్‌గా పనిచేశారు. సభలో సభ్యులు ఓటు వేసేలా చూసేందుకు విప్ ఉన్నారు, మంత్రి ఉన్నారు, హోదాలున్నాయి. సభ దాటిన బిల్లు వెంట నడవడానికి మాత్రం ఎవరూ లేరు. ఆ ఖాళీని మీ కార్యాలయం పూరించగలదు.

విశ్వవిద్యాలయాల నియామకాలకు 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో ద్వారా కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. మంచిదే. కానీ 2022 నాటి బిల్లు ఏమైందో ఇప్పటికీ మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. పట్టికలో మొదటి వరుస ఆ బిల్లుతో మొదలుపెట్టండి. రెండో వరుసలో, మూడో వరుసలో 2025 మార్చి 17 నాటి రెండు బీసీ బిల్లులు రాయండి. వచ్చే శాసనసభ సమావేశాల మొదటి రోజుకి ఆ మూడు వరుసలైనా జనం ముందు ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
సుబేదారి వాసి, వరంగల్ పశ్చిమ ఓటరు
హనుమకొండ